పేగులలో కావలివాళ్లు

మన కడుపులో పేగులు ఎంత పొడుగుంటాయో మీకు తెలుసునా? పెద్దవాళ్లలో చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు మీటరున్నర. చుట్టలు విప్పి పరిస్తే మీ తరగతిగదిలో ఈ గోడనుంచి ఆ గోడదాకా వస్తుందన్నమాట! మనం ఏది మింగినా ఈ దారినే పోవాలి. అన్నంతోపాటు రోగక్రిములూ వస్తాయి గదా? అందుకని పేగుల గోడల్లో ఎప్పుడూ కావలి ఉంటుంది. తెల్లకణాలే ఆ కావలివాళ్లు. దొంగ కనపడగానే మీదపడతారు. అప్పుడు ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. దొంగ చచ్చాక వాళ్లూ వెళ్లిపోతారు, వాపూ తీసిపోతుంది.

కొందరిలో మాత్రం కావలివాళ్లు కర్రలు దింపరు. పేగులో కాపురముండే మంచి సూక్ష్మజీవులతో కూడా కలబడతారు. ఆ కొట్లాటలో పేగు గోడ పుండ్లుపడి నెత్తురు కారుతుంది. ఇదే పేగువాపు జబ్బు. ఇందులో ముఖ్యమైనవి రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగులోనే ఉంటుంది. క్రోన్స్ జబ్బు నోటినుంచి చివరిదాకా ఎక్కడైనా రావచ్చును. 1932లో న్యూయార్కు మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలోని క్రోన్, గిన్స్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే వైద్యులు దీన్ని గురించి వ్యాసం రాశారు. అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందున్నది, జబ్బుకు ఆ పేరే నిలిచిపోయింది. తక్కిన ఇద్దరినీ లోకం మరిచింది, పాపం!

మొదటి రకం నాకు 13వ ఏట వచ్చింది. అందుకే ఇంత చనువుగా చెబుతున్నాను. రోజుకు ఎనిమిదిసార్లు, పదిసార్లు దొడ్డికి పరుగెత్తవలసి వచ్చేది. గంట కొట్టేదాకా ఆగమంటే ఆగేది కాదు. ఒక మాష్టారు “మళ్లీనా?” అనేవారు. తరగతంతా గొల్లున నవ్వేది. పైకి బాగానే ఉన్నాను గదా, లోపలి పుండు ఎవరికి కనపడుతుంది? అమ్మమ్మ దిష్టి తీసింది. అమ్మ, తాను పెట్టిన ఆవకాయవల్లనే వచ్చిందని కుమిలిపోయింది. అమ్మలూ, మీరూ వినండి: ఏ ఆవకాయా ఈ జబ్బు తెప్పించదు. పుండు రేగినప్పుడు కారం పడకపోవచ్చు, అంతే. ఇది అంటుకునేదీ కాదు.

చాలాకాలం జిగట విరేచనాలనే మందు వేశారు. వారాల తరబడి నెత్తురు పడుతున్నా, పిల్లలు పెరగక చిక్కిపోతున్నా పెద్ద డాక్టరుకు చూపించాలి. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్ జబ్బులాగే కనిపిస్తుంది, కనుక వైద్యులు జాగ్రత్తగా తేల్చుకుంటారు. నాకు నిద్రమందు ఇచ్చి, కెమేరా ఉన్న సన్నని గొట్టంతో పేగును చూశారు. పరీక్ష ఏమీ తెలియలేదు. ముందురోజు తాగించిన విరేచనాల మందే మహా చేదు!

డాక్టరుగారు బడికి ఉత్తరం రాసిచ్చారు. అది చదివిన మాష్టారు, “ఇకమీదట అడగనక్కరలేదు, లేచి వెళ్లు నాయనా,” అన్నారు. గుమ్మం పక్కన కూర్చునే స్నేహితుడు ఎవరూ చెప్పకుండానే జరిగి నాకు చోటిచ్చాడు. నేను వెళ్లినప్పుడు తప్పిపోయిన లెక్కలు వాడే చూపించేవాడు.

నాకిచ్చిన మాత్ర కథ మీకు సరదాగా ఉంటుంది. దాని పేరు సల్ఫాసలజీన్. స్వీడను దేశపు వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసమని రెండు మందులను ఒక్కటిగా ముడివేయించింది. అది పేగులకూ మేలుచేస్తుందని 1940లలో తెలిసింది. ఈ మందు మూట చాలావరకు విడిపోకుండానే చిన్నపేగు దాటిపోతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ముడి విప్పుతాయి! అసలు మందు సరిగ్గా పుండు ఉన్నచోటనే బయటపడుతుంది. ఆ రెండింటిలో పనిచేసేది ఏదో 1977లో ఆక్స్‌ఫర్డు వైద్యులు తేల్చారు. చూశారా, కావలివాళ్లు ఎవరితో కలబడుతున్నారో, వాళ్లే మందు మూట విప్పిపెడుతున్నారు!

మాత్రలకు లొంగకపోతే సూదిమందులున్నవి. కొందరికి శస్త్రచికిత్స కావాలి. ఈ జబ్బు మందులతో అణుగుతుందే గాని మొదలంటా పోదు. మూడేళ్లుగా నా కావలివాళ్లు నిమ్మళంగా ఉన్నారు. మాత్ర మాత్రం రోజూ వేసుకుంటూనే ఉన్నాను.