మళ్లీ రేపు వచ్చేవాళ్ల భోజనం

ఫిబ్రవరి 8, 2025. నార్కట్‌పల్లి

హైదరాబాదు నుంచి చెన్నైకి పోయేవాళ్లు విజయవాడ రోడ్డు వదిలి కుడికి తిరిగేది ఇక్కడే. నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. బస్సులో అయితే ఇదంతా ఒక్క రాత్రి పని. రాత్రి ఇక్కడ ఒకచోట ఆపుతారు, తెల్లారాక చెన్నై దగ్గర్లో ఇంకోచోట ఆపుతారు. మధ్యలో మిరప చేలు, పత్తి చేలు, వాటిని నమ్ముకున్న ఊళ్లు నిద్రలోనే దాటిపోతాయి.

ఢిల్లీ ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు వరస కట్టేవాళ్లు, బెంగళూరులో ఆంధ్రా మెస్సులు వెతుక్కుని వెళ్లేవాళ్లు అడిగేది ఈ నేల రుచినే. అంత దూరాన ఉన్నవాళ్లు ఆశపడే తిండి పుట్టిన చోటు మీదుగా పోతూ కిటికీ తెర వేసుకుని పడుకోవడం ఇక నాకు ఇష్టం లేదు. పని చెన్నైలో 17న. ఈసారి కారులో పగటిపూట పోతాను. బైపాసు వచ్చిన ప్రతిచోటా ఊళ్లోకి తిరుగుతాను.

ఫిబ్రవరి 9. పిడుగురాళ్ల

వాడపల్లి దగ్గర కృష్ణ దాటగానే పల్నాడు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, రాళ్ల లారీలు, చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి.

పల్నాటి తిండి మీద శ్రీనాథుడి చాటువులు చాలామందికి నోటికి వచ్చు. సన్నన్నం దొరకదని, ఎటు చూసినా జొన్నన్నమేనని ఆయన విసుక్కున్నాడు. నీళ్లు లేని నేలలో పండింది తిన్నారు, అంతే. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కుడికాలువలోకి వచ్చాక ఇక్కడా వరి అన్నం విస్తరిలోకి వచ్చింది. ఆ తరవాత జొన్న పేదవాళ్ల తిండిగా మిగిలిపోయి, ఇప్పుడు మళ్లీ వెనక్కి వస్తోంది. సాయంత్రమయ్యేసరికి బస్టాండు పక్కన పొయ్యిల మీద ఆడవాళ్లు జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. కొనేవాళ్లలో ఎక్కువమంది చక్కెర జబ్బు ఉన్నవాళ్లే. పిండిని వేడినీళ్లతో కలిపి, చేత్తోనే తడుతూ అంచులు చిట్లకుండా తిప్పుతున్న ఒకామెను చాలాసేపు చూశాను. రొట్టెలోకి వెల్లుల్లి కారం, వంకాయ కూర. అన్నీ వేడివేడిగా, అన్నీ అప్పటికప్పుడు.

“రోజూ రాత్రికి ఎన్ని చేస్తావమ్మా?” అంటే, “పిండి అయిపోయిందాకా బాబూ. మిగిల్చేది ఉండదు” అంది.

ఫిబ్రవరి 10, సోమవారం. గుంటూరు మిర్చి యార్డు

శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సోమవారం సరుకు పోటెత్తుతుంది. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని దీనికి పేరు. గేటు దాటకముందే ముక్కు మండుతుంది. కొత్తవాళ్లందరం దగ్గుతున్నాం, హమాలీలు మాత్రం మాట్లాడుకుంటూనే టిక్కీలు మోస్తున్నారు. ఇక్కడ మిరప బస్తాను టిక్కీ అంటారు. రైతు తన టిక్కీల పక్కనే తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు. కొనేవాడు వస్తాడు, బస్తాలోంచి పిడికెడు తీస్తాడు, కాయ విరిచి గింజ చూస్తాడు, రంగు చూస్తాడు. తెల్లబడ్డ కాయ తాలు. దాని ధర వేరు.

పదకొండు గంటలకు యార్డు బయట ఒక రేకుల షెడ్డు మెస్సులో కూర్చున్నాను. బోర్డు లేదు. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర, చారు, గడ్డపెరుగు. పప్పులోకి ఒక చిన్న గిన్నెలో ఎర్రటి ముద్ద పెట్టారు, కొరివికారం. పండుమిరప కాయలు చేలో ఉన్న ఈ రోజుల్లోనే ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకి ఎత్తుతారు. కావలసినప్పుడు కొంచెం తీసి మెంతిపొడి, వెల్లుల్లి కలిపి తాలింపు పెడతారు. ఎండు కారానికి లేని తీపి దీనికి ఉంటుంది. కారం నాలుక మీద పడ్డాక నిదానంగా వెనక నుంచి వస్తుంది.

“మొగమాట పడబాక, నెయ్యేసుకుని కలుపు” అని వడ్డించేపిల్ల తల్లి పొయ్యి దగ్గరి నుంచే కేకేసింది.

పక్కన తింటున్న హమాలీ పెద్దాయన్ని అడిగాను, ఈ మెస్సుకే ఎందుకు వస్తారని.

“కూర బాగాలేదనుకో, మధ్యాన్నానికల్లా యార్డంతా తెలిసిపోద్ది. రేపు ఎవురొస్తారు? ఆమెక్కూడా తెలుసు ఆ సంగతి.”

నేను వెతుకుతున్నదానికి కొలత ఆయన మాటలో దొరికింది. వండే మనిషికి రేపు కూడా ఇదే నోటికి అన్నం పెట్టాలని తెలిసిన చోటే రుచి నిలబడుతుంది.

అదే రోజు, రాత్రి

బయట ఊళ్లలో “గుంటూరు కారం” అని ఒకే సరుకులా మాట్లాడతారు. ఇక్కడ అలా ఎవరూ అనరు. ఘాటు కావాలంటే తేజ. కూరల్లోకి, పచ్చళ్లలోకి 334. అది ఊరి పక్కన లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకం. రంగు కావాలంటే బాడిగ. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంటికి సంవత్సరం కారం పట్టించే ఆడవాళ్లు రెండు మూడు రకాలు కలిపి, ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టి మరకు పంపుతారు. ఏ రకం ఎంతపాలు అన్నది ఇంటింటికీ మారుతుంది. మెస్సు వంటకు ముద్ర వేసేది కూడా ఆ పాళ్లే. నగరంలో దొరికే పొట్లం కారంతో వండితే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా అది రాదు.

ఇంతా చేసి, మిరప మన నేల మొక్కే కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు ఇక్కడి కూరల్లో కారం అంటే ఎక్కువగా మిరియాలే. నాలుగైదు వందల ఏళ్లలో ఒక పరాయి మొక్కను ఇంతగా సొంతం చేసుకున్న రైతుల మీద, వంటవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఫిబ్రవరి 11. గుంటూరు, బ్రాడీపేట

ఒక హోటల్ పేరు ఊరి కూడలికే పేరైపోయిన చోటు శంకర్ విలాస్ సెంటర్. ఆటోవాడికి ఆ మాట చెబితే చాలు.

బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో కోచింగ్ పిల్లలు, ఆస్పత్రులకు వచ్చిన పల్లెల వాళ్లు. వీళ్ల కోసమే ఇక్కడ ఇన్ని మెస్సులు, ఇన్ని కర్రీ పాయింట్లు. ఇంట్లో అన్నం వండుకుని కూరలు కొనుక్కునే పద్ధతి మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక కర్రీ పాయింట్ ముందు నిలబడితే ఊరి నాలుక ఏమిటో తెలుస్తుంది. పప్పు ముందు అయిపోతుంది. తరవాత గోంగూర, దొండకాయ వేపుడు. పనీర్ కూర చివరిదాకా మిగిలింది.

సాయంత్రం మిరపకాయ బజ్జీ బండి. కాయను నిలువునా చీల్చి, లోపల వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పెట్టి, శనగపిండిలో ముంచి వేయిస్తున్నాడు. పైన ఉల్లిపాయ, నిమ్మరసం.

ఫిబ్రవరి 12. చిలకలూరిపేట

ఇక్కడి నుంచి పత్తి రాజ్యం. జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు, రోడ్డు పక్క తుమ్మకంపలకు చిక్కుకున్న దూది. పత్తి తీతలు చివరికొచ్చాయి.

మిల్లుల దగ్గర మెస్సులో మధ్యాహ్నం చపాతీ, ఆలుగడ్డ కూర, పక్కనే అన్నం, పచ్చి పులుసు. సగంమంది తెలుగువాళ్లు కాదు. ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు. యజమానురాలు వాళ్ల దగ్గరే చపాతీ చెయ్యడం నేర్చుకుందట. “వాళ్లూ మన పిల్లల్లాంటోళ్లే గదా, ఎన్నాళ్లని అన్నమే తింటారు?” అంది.

అచ్చమైన తిండి వెతుక్కుంటూ బయల్దేరినవాళ్లు ఇది చూసి లేచిపోవచ్చు. నేను లేవలేదు. మిల్లులో ఎవరు పనిచేస్తే వాళ్ల ఆకలిని బట్టి మెస్సు వండుతుంది. ఈ పేటలో ఈ నాటి అచ్చమైన భోజనం ఇదే. ఒక ఒడిశా కుర్రాడు చపాతీలో గోంగూర నంజుకుని తిన్నాడు.

ఫిబ్రవరి 13. ఒంగోలు

టంగుటూరి ప్రకాశం పంతులు పేరు మీద ఉన్న జిల్లా ఇది. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, రెండేళ్లకు ఆయన పేరు పెట్టుకుంది. 1872లో పుట్టిన ఆయనకు చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ల ఇల్లు నడిపింది. కోర్టు పనుల మీద వచ్చినవాళ్లకు, ఊళ్లో దిక్కులేని పరదేశులకు డబ్బు తీసుకుని అన్నం పెట్టడం ఆ రోజుల్లో గౌరవమైన పనిగా లెక్కలోకి వచ్చేది కాదు. ఆ అన్నం మీదే కొడుకు చదివాడు, బారిస్టరయ్యాడు, 1946లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని అయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

ఇంకా వెనక్కి పోతే క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనం వర్ణన ఉంది. ఒక్క రూకకు పరిమళించే అన్నం, గోధుమ వంటకాలు, పప్పు, నెయ్యి, అరటిపళ్లు, పెరుగు. ఆ కాలం నుంచి సుబ్బమ్మ గారి దాకా, నిన్న చపాతీ వడ్డించిన ఆమె దాకా, తెలుగు ఊళ్లలో బాటసారి ఆకలి తీర్చింది ఎక్కువగా ఆడవాళ్లే. భర్త పోయో, పొలం పోయో, పిల్లల చదువు కోసమో, చేతిలో ఉన్న ఒకే విద్యను బజారులో పెట్టి బతికారు. పెద్ద హోటళ్ల చరిత్ర రాసుకున్నాం. వీళ్లది రాసుకోలేదు.

ఫిబ్రవరి 14. ఒంగోలు

ఉదయం కొత్తపట్నం రోడ్డు పక్క చేపల బుట్టలు. మధ్యాహ్నం చిన్న మెస్సులో చేపల పులుసు, నిన్న రాత్రి వండినది. అడిగి మరీ నిన్నటిదే వేయించుకున్నారు పక్కవాళ్లు. పులుపు ముక్కకు పట్టాలంటే ఒక రాత్రి నిలవుండాలి. మట్టిచట్టి, పాత చింతపండు, పలుచగా కాచిన పులుసు.

అల్లూరయ్య మైసూర్‌పాక్ ఇంటికి పొట్లం కట్టించాను. నెయ్యి చేతికంటుతుంది, నోట్లో వేసుకుంటే నమలనక్కర్లేదు. పేరు ఊరు దాటి పాకినా కొనేవాళ్లలో ఈ ఊరివాళ్లే ఎక్కువ. పండక్కి, పెళ్లికి, పరీక్ష పాసైన రోజుకి.

ఫిబ్రవరి 16. రహదారి మీద, సింగరాయకొండ దాటాక

రోడ్డు పక్క పెద్ద హోటల్‌లో ఆగాను. కారు పెట్టుకోవడానికి బోలెడు చోటు, శుభ్రమైన మరుగుదొడ్లు, పిల్లలకు ఉయ్యాల. చిన్నపిల్లలతో, వయసైన అమ్మానాన్నలతో ప్రయాణం చేసేవాళ్లకు ఇవి చాలా అవసరం. ఊళ్లో మెస్సులు ఈ విషయంలో చాలా వెనకబడి ఉన్నాయి, ముఖ్యంగా ఆడవాళ్లకు.

వంట సంగతి వేరు. దోసె నుంచి నూడిల్స్ దాకా మెనూ అట్టకు రెండు వైపులా అన్నీ ఉన్నాయి. వంటవాడు చేతకానివాడేం కాదు. ఇక్కడ తిన్న మనిషి మళ్లీ కనబడడు, అంతే. ఎవరి ఊరి నాలుకకూ మరీ కొత్తగా అనిపించకుండా, అందరికీ సరిపడేలా వండాలి. కారం తగ్గుతుంది, పులుపు తగ్గుతుంది, గ్రేవీ చిక్కబడుతుంది. కలకత్తా నుంచి చెన్నై దాకా ఈ రోడ్డు ఒకటే కనుక రుచీ ఒకటే అయిపోయింది.

ఫిబ్రవరి 26, మహాశివరాత్రి. కోటప్పకొండ

తిరుగు ప్రయాణం. అద్దంకి దాటి నరసరావుపేట వైపు వస్తుంటే కొండ కింద జనం. ఊరూరి నుంచి కట్టుకొచ్చిన విద్యుత్ ప్రభలు ఆకాశమంత ఎత్తున నిలబెట్టారు. ప్రసాదంగా అరిసె. కొత్త బియ్యప్పిండి, బెల్లం పాకం, నువ్వులు.

అరుగు మీద కూర్చున్న రైతుల మాటలన్నీ మిర్చి ధర మీదే. రెండేళ్ల కిందట క్వింటా ఇరవై వేలు దాటిన సరుకు ఈ ఏడు సగానికి పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఎకరం మిరప వేస్తే కౌలు, విత్తనం, మందులు, కోత కూలి, మళ్లీ కల్లంలో ఆరబెట్టి తాలు ఏరడం. “కాయ కోయించిన కూలి కూడా రాదేమో బాబాయ్” అంటున్నాడు ఒక కుర్రాడు పక్కాయనతో.

నగరాల్లో గుంటూరు పేరు పెట్టి అమ్మే ప్రతి పళ్లెం వెనక ఈ మాట ఉంది. రుచిని పొగిడే మనం ధర గురించి కూడా మాట్లాడాలి.

ఫిబ్రవరి 27. హైదరాబాదు

ఈ దారిన వెళ్లేవాళ్లు నన్ను హోటళ్ల పేర్లు అడుగుతారు. పేర్ల కన్నా వేళలు చెప్పడం మేలనిపిస్తోంది. గుంటూరులో యార్డు నడిచే రోజు పదకొండుకు, యార్డు బయట. ఏ ఊళ్లోనైనా పన్నెండున్నరకు, కర్రీ పాయింట్ దగ్గర. పల్నాటి ఊళ్లలో చీకటి పడేవేళ, జొన్నరొట్టెల పొయ్యి దగ్గర. ఒంగోలులో నిన్నటి చేపల పులుసు ఉందా అని ముందుగా అడగాలి. కొరివికారం కావాలంటే సంక్రాంతి తరవాత, ఎండలు ముదరకముందు వెళ్లాలి.

ఊళ్లోకి తిరిగితే ప్రయాణానికి ఒక గంట కలుస్తుంది. ఆ గంట ఇచ్చేవాళ్లు పెరిగితే ఆ రేకుల షెడ్డులో ఇంకో బల్ల పడుతుంది, ఒక మరుగుదొడ్డి కట్టిస్తారు, వడ్డించే పిల్ల కాలేజీకి పోతుంది. అయితే వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లాలి. కొత్త చోటు కోసం ప్రతిసారీ పరుగెత్తేవాడు కూడా రహదారి హోటల్‌కు వచ్చి పోయేవాడిలాంటివాడే. నవంబరులో మళ్లీ చెన్నై పని ఉంది, పత్తి తీతల రోజులు. అదే యార్డు మెస్సు, అదే మిల్లు మెస్సు. కొరివికారం జాడీ అప్పటికి అడుగంటుతుందేమో, యార్డు మెస్సు ఆమెకు ఇప్పుడే ఫోన్ చేసి ఒక సీసా పక్కన పెట్టమని చెప్పాను.