ట్రంకు పెట్టె

మాది కడప. బుగ్గవంక పక్కన సందు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా ఉర్దూ విని హైదరాబాదు చుట్టాలు నవ్వుతారు. మా తెలుగు విని కోస్తావాళ్ళు "మీరు ముస్లింలా? తెలుగు బాగా మాట్లాడుతున్నారే!" అని ఆశ్చర్యపోతారు. ఉగాది నాడు మా వాళ్ళు చాలామంది దేవుని కడప గుడికి పోతారు. బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు కాబట్టి వెంకన్న మా ఇంటల్లుడు. అల్లుడింటికి పోతుంటే ఎవరూ కాయితం అడగలేదు, ఇంతవరకైతే.

కడప అంటే కరువని అందరికీ తెలుసు. వాన లేని ఏళ్ళలో ఈద్గా దగ్గర ఎండలో నిలబడి వాన కోసం నమాజు చదివినవాళ్ళం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మాకు ఆశ, భయం రెండూ ఒక్కసారే. 2001 అక్టోబరులో ఇదే వంక ఊళ్ళోకొచ్చి మనుషుల్ని తీసుకుపోయింది. మా దాదీకి ఆ ఏడాదికి అంకె లేదు, "వంకొచ్చిన ఏడు" అనేది.

2020 నవంబరు 25 రాత్రి నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. తీరం దాటితే పీడ పోయిందనుకుంటారు సముద్రం పక్కనోళ్ళు. మాకు అప్పుడే మొదలవుతుంది. 26న పొద్దున్నుంచీ వాన, చలిగాలి. ఇంట్లో ఆరిన గుడ్డ లేదు. సాయంత్రానికి కరెంటు పోయింది. కొండల మీద పడిన నీళ్ళన్నీ వంకలోకే దిగాలి, వంక మా సందు పక్కనే పోవాలి. పైనుంచి నీళ్ళు వదిలారని మాకు చెప్పినవాళ్ళు లేరు. రాత్రి మంచం దిగిన అమ్మీ కాలు నీళ్ళలో పడింది. మాకదే హెచ్చరిక.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనకే ఎన్నార్సీ అన్న మాట వచ్చింది. 2020 జనవరి, ఫిబ్రవరుల్లో మా సందులో ఏ ఇంట్లో చూసినా కాయితాల వెతుకులాటే. తాత స్కూలు సర్టిఫికెట్టు, ఇంటి పట్టా, పాత రేషన్ కార్డులు, నిఖానామా, ఓటరు లిస్టు జిరాక్సులు. అన్నీ తెచ్చి మా అబ్బా ట్రంకు పెట్టెలో పెట్టినాడు. పెట్టిన తర్వాత భయం పెరిగిందే గానీ తగ్గలేదు. దాదీ పేరు ఒకదాంట్లో ఖాసింబీ, ఒకదాంట్లో కాశింబి, ఇంకోదాంట్లో కాశమ్మ. రాసుకున్న గుమాస్తా నోటికి ఎట్లా తిరిగితే అట్లా. ఇంగ్లీషులో ఊరి పేరే 2005 దాకా "కుడ్డపా". ఊరికి తప్పు లేనప్పుడు దాదీకేం తప్పు? అయినా అబ్బా నెలలపాటు ఆ మూడు పేర్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తా కూర్చునేవాడు. కరోనా వచ్చి ఆ మాట వెనకబడింది. పెట్టె మాత్రం మంచం కిందే ఉండిపోయింది.

ఆ రాత్రి నీళ్ళు మోకాలు దాటినప్పుడు అబ్బా మొదట పెట్టెను నెత్తిన పెట్టుకున్నాడు. దాదీని మేం ఎత్తుకున్నాం. బియ్యం డబ్బా, కుట్టుమిషను, పిల్లల స్వెట్టర్లు, కట్టెల పొయ్యి మీద ఆరబెట్టిన బట్టలు, అన్నీ వదిలేసి ఎదురింటి మిద్దె ఎక్కినాం. సందులో మిద్దె మీద గది ఉన్నది వాళ్ళకొక్కరికే. అప్పటికే నాలుగిళ్ళ జనం అక్కడ ముడుచుకుని ఉన్నారు. ఆ ఇంటి అక్క బొరుగులు, ఉప్పు శెనగలు పంచింది. పాలు లేని టీ కాచింది. దాదీ పళ్ళు టకటకమంటుంటే తన చీర మడత తెచ్చి చుట్టింది.

వెనకింటి అన్న, గౌండాపని చేస్తాడు, అబ్బాను చూసి నవ్వినాడు.

"ఏంది సాయిబూ, పిల్లోళ్ళ గుడ్డలన్నా తేకుండా రేకుపెట్టె మోసుకొస్తివి. బంగారమా?"

"కాయితాలు."

"కాయితాలకా ఇంత తిప్పలు! నా కార్డులన్నీ కింద గూట్లోనే ఉండాయి. పోతే పోనీ, మళ్ళా ఇస్తార్లే."

ఆయన మంచోడు. దాదీని మెట్ల మీద పట్టుకుని పైకి లాగింది ఆయనే. ఆ మాటలో విషం చుక్క కూడా లేదు. అందుకే మాకు జవాబు దొరకలేదు. తన పేరు నీళ్ళలో కొట్టుకుపోతుంటే మిద్దె మీద కూర్చుని టీ తాగగలిగిన మనిషిని మేం ఆ రాత్రి చాలాసేపు చూసినాం. అసూయ అనాలేమో. మేమూ ఒకప్పుడు అట్లాంటివాళ్ళమే. వంకొచ్చిన ఏడు దాదీ మేకపిల్లను పట్టుకుని మిద్దెక్కింది, రేషన్ కార్డు సంగతి వారం తర్వాత గుర్తొచ్చిందట.

27న నీళ్ళు తీసినాయి. ఇంట్లో మూరెడు బురద. కుట్టుమిషను తుప్పుకు వదిలేసినట్టే, అమ్మీ దాని జోలికి పోలేదు. రేకుపెట్టె మూత సందుల్లోంచి వాననీళ్ళు దూరి కాయితాలు సగం తడిసినాయి. ఎండ వచ్చినాక మిద్దె మీద పరిచి ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టినాం. దాదీ వచ్చి కూర్చుంది. చదువు రాదు, అయినా వంగి చూసింది.

"మేరా నామ్ కౌన్సే మే బచా రే?" అని అడిగింది. ఏ దాంట్లో మిగిలిందిరా నా పేరు అని.

కాశమ్మ మిగిలింది. చెప్తే పకపకా నవ్వింది. అబ్బా నవ్వలేదు.

మరుసటేడు, 2021 నవంబరు 19న, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క ఊళ్ళు కొట్టుకుపోయినాయి. ఆ వారమంతా మా సందులో ఎవరూ నిద్రపోలేదు. వాన మొదలైన మొదటి రాత్రే, ఎవరూ చెప్పకముందే, పెట్టెను ప్లాస్టిక్ పట్టలో చుట్టి తాడు కట్టి ఎదురింటి మిద్దె మీదికి చేర్చినాం. అప్పటికి దాదీ లేదు. ఆమె డెత్ సర్టిఫికెట్టు అందులోనే ఉంది. దాంట్లో పేరు ఖాశీంబి.