బండ మీద తడి

తల్లిదండ్రులారా, మీతో ఒక పొరపాటు ఒప్పుకోవాలి.

మొన్న ఆదివారం తాండూరులో మా ఇంటి ముందే కారు ముందు చక్రం బ్రేకు పైపు నేనే మార్చాను. ఆరో తరగతి చదివే మా అబ్బాయి పానాలు అందించాడు.

మర్నాడు పొద్దున వికారాబాద్ బయలుదేరుతుంటే వాడు, "డాడీ, బండ మీద తడి ఉంది" అన్నాడు.

"ఏసీ నీళ్లురా."

"నిన్నటి నుంచి కారు తియ్యనే లేదు కదా! జిడ్డుగా కూడా ఉంది."

వాణ్ణి చెయ్యి కడుక్కోమని, ఇంజను స్టార్ట్ చేసి బ్రేకు నొక్కి పట్టాను. పెడల్ మెల్లగా కిందికి దిగిపోయింది. తప్పు నాదే. పైపు బోల్టుకు పాత రాగి వాషర్లే మళ్లీ వేశాను. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సరిగ్గా పట్టదు. అలాగే వెళ్లుంటే, దారిలో అనంతగిరి ఘాట్ మలుపులు!

ఆ రోజు రైల్లో వెళ్లాం. సాయంత్రం మెకానిక్ కొత్త వాషర్లు వేసి, పైపులోని గాలి తీసేశాడు.

ఇంట్లో బ్రేకు పని చేస్తే, పెడల్ ఒక నిమిషం నొక్కి పట్టి చూడండి. దిగినా, చక్రం దగ్గర తడి కనిపించినా బండి కదపకండి. పిల్లలు ఏదైనా చూపిస్తే, జవాబు చెప్పే ముందు ఒకసారి వంగి చూడండి.