కార్తీకంలో కాలినడక

కార్తీకం సగానికొచ్చిందంటే హైదరాబాదు షేక్‌పేట ఇళ్ళల్లో తెల్లవారుజామున లేచి ఫ్యాను కట్టేసేవాళ్ళు ఎక్కువవుతారు. అటకమీది దుప్పట్లు ఎండలోకి దిగుతాయి. వానలు వెళ్ళిపోయినట్టేనని అందరూ ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో వారం పడుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను పక్కనున్న టోలీచౌకి ఇంకా మరిచిపోలేదు. షా హాతిం చెరువు కింద నదీం కాలనీలో ఆ వారమంతా జనం పడవల్లో తిరిగారు. అందుకే నవంబరులో ఆకాశం నీలంగా తేలితే ఇక్కడివాళ్ళు కాస్త గట్టిగానే ఊపిరి పీల్చుకుంటారు.

ఈ ఊళ్ళో నడిచి తిరగడానికి ఇదే కాలం. వేసవిలో బండరాళ్ళు నిప్పులు కక్కుతాయి, వానాకాలంలో రోడ్డేదో గుంటేదో తెలియదు. శరత్తు చివర్న మొదలై సంక్రాంతి దాకా సాగే ఈ చల్లని రోజుల్లోనే హైదరాబాదు మనిషి కాళ్ళకు లొంగుతుంది. ఏం చేయాలని అడిగేవాళ్ళకు మాల్‌లూ పబ్‌లూ చూపించేవాళ్ళకేమీ కొదవలేదు. కానీ షేక్‌పేట నుంచి ఒకటి రెండు గంటలు నడిస్తే చాలు, నాలుగొందల ఏళ్ళ చరిత్ర, అంతకన్నా ఎన్నో రెట్లు పాతవైన రాళ్ళు ఎదురొస్తాయి.

మొదట సొంత ఊరినే చూడాలి. 2022 జనవరి 1న ప్రారంభమైన షేక్‌పేట ఫ్లైఓవర్ మీద రెండున్నర కిలోమీటర్లకు పైగా దూరాన్ని కార్లు నిమిషాల్లో దాటేస్తాయి. ఆ పైనుంచి పోయేవాళ్ళకు కింద ఒక పేట ఉందనీ, అందులో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఉందనీ తెలిసే అవకాశం లేదు. రెండంతస్తుల కట్టడం. గోల్కొండకు వచ్చిపోయే వర్తకులు, బాటసారులు ఆగి అలుపు తీర్చుకున్న గదులు, గుర్రాలూ ఒంటెలూ కట్టేసే చావిళ్ళు, పక్కనే మసీదు. షేక్‌పేట అనే పేరు వినగానే ట్రాఫిక్ గుర్తొచ్చే ఈ రోజుల్లో, ఒకప్పుడు ఈ ఊరు బాటసారులకు ఆతిథ్యమిచ్చిందని తెలుసుకోవడం మంచిది. చాలాకాలం పట్టించుకునే దిక్కులేక సరాయి గోడలు పగిలి, చెట్లు మొలిచాయి. ఇలాంటి కట్టడాలకు మరమ్మతుల నిధులు ఎంత అవసరమో, చుట్టుపక్కల జనం వచ్చి చూడటమూ అంతే అవసరం. ఎవరూ చూడని గోడను కూల్చడం సులువు.

అక్కడినుంచి టోలీచౌకి దాటి సెవెన్ టూంబ్స్ రోడ్డు పట్టుకుంటే కుతుబ్‌షాహీ సమాధులు. ఉదయం వెళ్ళాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు గుమ్మటాల కింది గచ్చుపని, మినార్ల మీది లతలూ ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా ఇక్కడ చేసిన పని మామూలు పని కాదు. గతంలో పూసిన సిమెంటును ఒలిచి, సంప్రదాయ పద్ధతిలో సున్నపు గచ్చు మళ్ళీ వేయించారు. అందుకోసం మేస్త్రీలు పాత విద్యను చేతుల్లోకి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీ సమాధి వీటన్నిటిలోకీ ఎత్తైనది.

సమాధులకన్నా ముందు చూడవలసింది అక్కడి పెద్ద బావిని. జనం బడీ బావ్‌లీ అంటారు. 2013 వానల్లో ఒకవైపు గోడ కూలి మట్టిలో పడిపోయింది. రాయి రాయీ ఏరి తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మెట్లబావిని చూడటానికి వానలు వెళ్ళిన వెంటనే వెళ్ళాలి. వేసవిలో పోతే కనిపించేది కట్టడం మాత్రమే. కార్తీకంలో నీళ్ళు మెట్లు ఎక్కి వచ్చి ఉంటాయి, బావి ఎందుకు తవ్వారో నోటితో చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది. వాననీటిని ఒడిసిపట్టడం గురించి పిల్లలకు బడిలో చెప్పే పాఠాన్ని అక్కడ మెట్ల మీద నిలబెట్టి చెబితే బాగుంటుంది.

గోల్కొండ కోట గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది! ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుందనీ, ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి 1687లో దాన్ని పట్టుకున్నాడనీ ఎవరినడిగినా చెబుతారు. కోటకు వచ్చినవాళ్ళు నయా ఖిలా దాకా వెళ్ళరు. గోల్ఫ్ మైదానాన్ని ఆనుకుని ఉన్న ఆ భాగంలో ‘హథియాన్ కా ఝాడ్’ అని పిలిచే ఒక బవోబాబ్ ఉంది. ఆఫ్రికా చెట్టు. ఎప్పుడు, ఎవరి వెంట ఇంత దూరం వచ్చిందో చెట్టుకే తెలియాలి. మొదలు ఏనుగుల గుంపంత లావు, లోపల మనుషులు దూరగలిగేంత తొర్ర. ఈ ఊళ్ళో వేపా రావీ పచ్చగానే ఉండే ఈ రోజుల్లో బవోబాబ్ మాత్రం ఎండాకాలపు కరువుకు ముందుగానే సిద్ధపడి ఆకులు రాల్చుకుంటుంది.

ఇక రాళ్ళు. హైదరాబాదు గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఈ బండలను ఎవరూ పేర్చలేదు. భూగర్భంలో గట్టిపడిన శిల పగుళ్ళు బారి, ఆ పగుళ్ళలోకి దిగిన నీరు అంచులను కొరికి, పైనున్న మట్టి కొట్టుకుపోయాక మిగిలిన గుండ్లు అవి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ మొత్తం ఇలాంటి గుట్టలే. వాటిని పేల్చే కదా బంగళాలు కట్టారు! మిగిలిన వాటిలో షేక్‌పేటకు దగ్గరున్నది ఖాజాగూడ గుట్ట. దర్గా ఉంది, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, 1951లో మెహెర్ బాబా వచ్చి గడిపిన చోటూ ఉంది. మూడింటికీ దారి రాళ్ళ మధ్యనుంచే. ఆదివారం పొద్దున పోతే తాళ్ళు కట్టుకుని, చేతులకు సుద్దపొడి రాసుకుని బండలెక్కే కుర్రాళ్ళు కనిపిస్తారు. చలికాలపు పొడిరాయి చేతికి పట్టు దొరకనిస్తుంది. 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్ళు ఇలాంటి గుట్టల మీదికి జనాన్ని నడిపిస్తూ వచ్చారు. చెట్టు నరికితే మరోటి నాటవచ్చు, బండను పేలిస్తే మళ్ళీ రాదు. ఈ మాట నగరపాలకుల చెవికి ఎక్కేదాకా చెబుతూనే ఉండాలి.

నడక అలవాటు లేనివాళ్ళు జూబ్లీహిల్స్‌లోని కె.బి.ఆర్. పార్కుతో మొదలుపెట్టవచ్చు. 1998లో జాతీయ ఉద్యానవనమైంది. లోపల నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. నెమళ్ళ కోసం వెళ్ళేవాళ్ళకు ఒక మాట: వానలు పోయాక మగనెమలి పింఛం రాల్చేసుకుంటుంది, నవంబరులో అది మళ్ళీ మొలుస్తూ ఉంటుంది. నాట్యం చూడాలంటే వచ్చే వానాకాలం దాకా ఆగాలి. బదులుగా ఉత్తరాది నుంచి వలసవచ్చి, నేలమీద తోక ఆడిస్తూ తిరిగే చిన్న పిట్టలు కనిపిస్తాయి. ఇంకాస్త దూరం పోగలిగినవాళ్ళకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు ఉంది.

కార్తీకం అన్నాక గుడి గురించి చెప్పకపోతే ఎలా? ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలో, జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిలో సాయంత్రం దీపాలు చూడాలి. ఉసిరికాయ పైభాగాన్ని గుండ్రంగా తొలిచి, నేతిలో తడిపిన వత్తిని నిలబెట్టే ఆడవాళ్ళ చేతివేగం ఒకటి, పౌర్ణమినాడు 365 వత్తుల కట్టను ఒక్కసారిగా వెలిగించినప్పుడు లేచే మంట ఒకటి. దీపావళి పోయిన రెండోనాడు నారాయణగూడలో సదర్ జరుగుతుంది. కొమ్ములకు రంగులు, మెడలో గవ్వలు, పూలదండలతో దున్నలు తీన్‌మార్ మోతలో ముందుకాళ్ళు లేపి నిలబడతాయి. యాదవుల ఈ పండుగను తెలంగాణ ప్రభుత్వం 2024లో రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఊళ్ళో ఉండి అది చూడకపోవడం నిజంగా లోటే.

వనభోజనాల మాటా అనుకోవాలి. ఉసిరిచెట్టు కింద విస్తరి వేసుకుని పులిహోర, బగారా అన్నం, వంకాయ కూర, పెరుగన్నం తినడంలో ఉన్న సుఖం వేరు. ఈమధ్య ఇవి కులాలవారీగా జరగడం మామూలైంది. ఫ్లెక్సీలు, వేదికలు, ఉపన్యాసాలు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పేర్లు తెలియని నలభై కుటుంబాలు కలిసి కీసరగుట్టకో చిలుకూరుకో వెళ్ళి వండుకు తింటే ఆ భోజనానికి ఇంకా రుచి ఉంటుంది. వాచ్‌మన్ కుటుంబాన్ని పిలవడం మరిచిపోకూడదు.

సినిమాల పేటలో ఇవి సంక్రాంతి కోసం పరుగులు పెట్టే రోజులు. రాళ్ళూ తుప్పలూ తప్ప మరేమీ లేని చోట 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు ఇరవై రెండు ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు, తర్వాత రామానాయుడు ఫిల్మ్‌నగర్ గుట్టమీద స్టూడియో పెట్టారు. వాటి గేట్లు అందరికీ తెరుచుకోవు. సినిమా కష్టం చూడాలనుకునేవాళ్ళు పొద్దున్నే కృష్ణానగర్ వెళ్ళాలి. సూర్యుడు రాకముందే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్‌వాళ్ళు చలికి చేతులు రుద్దుకుంటూ, టీ గ్లాసులు పట్టుకుని బండి కోసం నిలబడి ఉంటారు. తెరమీద వందమంది గుంపులో కనిపించీ కనిపించని ముఖాలు అవి.

నవంబరుకు ఒకప్పుడు మరో అందం ఉండేది. బాలల దినోత్సవం చుట్టూ అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం ఇక్కడే జరిగేది. ఇరవయ్యో ఉత్సవం 2017లో జరిగింది. ఇరాన్ పిల్లల కథనూ జపాన్ పిల్లల కథనూ తెలంగాణ పల్లెల పిల్లలు ఒకే హాల్లో కూర్చుని చూసేవాళ్ళు. ఇన్ని స్టూడియోలున్న ఊరికి అలాంటి పండుగను మళ్ళీ నిలబెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.

సాయంత్రాలకు బంజారాహిల్స్‌లోని లామకాన్ ఉండనే ఉంది. 2010 నుంచి ఆ పాత ఇంటి ఆవరణలో నాటకం, గజల్, చర్చ ఏదో ఒకటి నడుస్తూనే ఉంది. ఇరానీ చాయ్, సమోసా చవకగా దొరుకుతాయి, ఆరుబయట కూర్చోవడానికి ఈ చలి సరిగ్గా సరిపోతుంది. సీతాఫలాల కాలం కూడా ఇదే. మహబూబ్‌నగర్ వైపునుంచి గంపల్లో వస్తాయి. పైనున్న కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబడిన కాయను ఏరుకుంటే రెండు రోజుల్లో పండుతుంది. గింజలు తీసే ఓపిక లేనివాళ్ళు 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కు వెళ్ళి, ఆ గ్రానైట్ గడియారపు బురుజు కింద సీతాఫలం ఐస్‌క్రీం తినవచ్చు. డిసెంబరు ముదిరేలోపే వెళ్ళాలి, పళ్ళు ఆగిపోతే అదీ ఆగిపోతుంది.