చవక రివాల్వరు

"రోజూ వెంట పెట్టుకోవడానికి, చవకలో, మొరాయించని రివాల్వరు ఏది సార్?" అని కరీంనగర్‌లో మా సహాధ్యాపకుడొకాయన అడిగాడు. వడ్డీవ్యాపారం చేసే బావమరిది కోసమట. తెలుగు పాఠాలు చెప్పుకునే నన్నెందుకడిగాడో! అయినా చదివి చూశాను.

రివాల్వరు మీద జనానికి నమ్మకం ఊరికే కలగలేదు. ఒక తూటా పేలకపోతే మళ్లీ మీట నొక్కితే చాలు, చక్రం తిరిగి మరో తూటా ఎదుటికి వస్తుంది. సరే, మరి వెల? 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం "నిర్భీక్" అనే .32 రివాల్వరును స్త్రీల ఆత్మరక్షణకని విడుదల చేసింది. బరువు అరకిలో, తూటాలు ఆరు, వెల 1,22,000 రూపాయల పైమాట! 2012 ఢిల్లీ ఘోరం తర్వాత "నిర్భయ" అని దేశమంతా పిలుచుకున్న యువతిని తలపించే పేరు. ఆదిలాబాద్ పత్తిచేలలో కూలికి పోయే ఆడమనిషి ఎన్నేళ్లు పస్తులుంటే అది కొనగలదు?

1959 ఆయుధాల చట్టం, 14వ సెక్షను, మరీ చిత్రం. చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదట. కాగితం మీద కూలీ, దొర సమానులే. ఎవరి ప్రాణభయం భయమో పోలీసు నివేదిక తేల్చాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం దళం మీద పేలిన తుపాకులు నిజాం సర్కారువే. వాటికి లైసెన్సు అడిగినవాడు లేడు.

ఇదంతా చెబితే మిత్రుడు నవ్వాడు. "మా బావకు అప్పున్నవాళ్లలో సగం మంది బీడీలు చుట్టే ఆడవాళ్లే సార్" అన్నాడు.

మరి భయం ఎవరికని అడిగాను. గంట కొట్టారు, క్లాసుకు వెళ్లిపోయాడు.