అందెల చప్పుడు ఆగిన చోట

బస్తర్‌లోని దంతేవాడలో దంతేశ్వరి గుడి గుమ్మం దగ్గర మా తమ్ముడు ఆగిపోయాడు. ప్యాంటుతో లోపలికి రానివ్వరు, మగవాళ్లు పంచె కట్టాల్సిందే. అక్కడిచ్చిన పంచె తీసుకున్నాడు గానీ, పెళ్లిపీటల మీద తప్ప ఎప్పుడూ కట్టని మనిషి. ఒక చేత్తో చెంగు, ఇంకో చేత్తో కొబ్బరికాయ పట్టుకుని తంటాలు పడుతుంటే అమ్మే కుచ్చిళ్లు దోపి, "ఓరుగల్లు ఆవిడ ముందుకొచ్చి పంచె రాదంటే ఎట్లారా?" అంది.

అమ్మ మాటలో కథ ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి పోయాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవుల్లోకి వచ్చాడంటారు. నువ్వు నడిచినంత మేరా నీ రాజ్యమే, నేను వెనకే వస్తాను, తిరిగి చూశావో అక్కడే ఆగిపోతాను అందట అమ్మవారు. అందెల చప్పుడు వింటూ నడిచాడు. శంఖినీ డంకినీ నదులు కలిసే చోట ఆమె పాదాలు ఇసుకలో కూరుకుని చప్పుడు వినబడలేదు. ఆయన తిరిగి చూశాడు.

గుడి వెనక ఆ సంగమం ఇప్పటికీ ఉంది. గర్భగుడిలో నల్లరాతి అమ్మవారు. ముందు గరుడ స్తంభం. దానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చాపి వేళ్లు కలిపితే కోరిక తీరుతుందని నమ్మకం. మా పిల్లలకు వేళ్లు అందలేదు గానీ మళ్లీ మళ్లీ వరసలో నిలబడ్డారు.

తెలుగు ఇక్కడికి అన్నమదేవుడి కంటే ముందే వచ్చింది. అంతకు పూర్వం ఈ నేలనేలిన ఛిందక నాగుల రాజధానుల్లో ఒకటైన బారసూర్‌లో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. దంతేవాడ నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న చిన్న ఊరది. ముప్పైరెండు స్తంభాల శివాలయం, మామా భాంజా గుడి, పక్కపక్కనే కూర్చున్న రెండు పెద్ద రాతి వినాయకులు. మేం వెళ్లిన రోజు పూజారి కూడా లేడు, చెట్ల కింద మేకలు నిద్రపోతున్నాయి. రద్దీ గుళ్లలో గంటల తరబడి నిలబడి అరక్షణం దర్శనంతో సరిపెట్టుకునే మనకు ఇంత తీరిక కొత్త. నన్నడిగితే బస్తర్ మొత్తంలో మొదట చూడాల్సింది బారసూరే.

దసరాకు వెళ్లగలిగితే మాత్రం జగదల్‌పూర్ వెళ్లండి. ఇక్కడి దసరాలో రాముడూ లేడు, రావణ దహనమూ లేదు. శ్రావణానికి ముందు అమావాస్యనాడు రథానికి మొదటి దుంగ పూజతో మొదలై 75 రోజులు నడుస్తుంది, అంతా దంతేశ్వరిదే. ముళ్ల ఊయల మీద పడుకున్న ఒక చిన్నపిల్ల అనుమతి ఇస్తేనే రాజు పండగ జరపాలి. విజయదశమి రాత్రి ఆదివాసీలు రథాన్ని లాక్కుపోయి ఊరిబయట అడవిలో దాచేస్తారు. మర్నాడు రాజవంశీకుడు అక్కడికే వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, బతిమాలి తెచ్చుకోవాలి. ఎత్తుకుపోయిన వాళ్లతోనే భోంచేసే రాజును నేను ఇంకెక్కడా వినలేదు. అన్నమదేవుడి వారసులుగా చెప్పుకునే ఈ రాజవంశపు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ 2022లో కాకతీయ ఉత్సవాలకు వరంగల్ వచ్చినప్పుడు ఆడపడుచు ఇంటి బంధువొచ్చినంత సందడి చేశారు మనవాళ్లు.

ఇక పిల్లలు మొదటి రోజు నుంచీ అడుగుతున్న జలపాతం. జగదల్‌పూర్‌కు పడమట నలభై కిలోమీటర్ల లోపే చిత్రకోట్. ఇంద్రావతి ఉన్నట్టుండి గుర్రపునాడా ఆకారంలో విరిగి తొంభై అడుగుల పైనుంచి పడుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి కలిసి నీళ్లు ఇటుకపొడి రంగులో ఉంటాయి, చలికాలానికి తెల్లబడి పాయలవుతాయి. దీన్ని భారత నయాగరా అని పిలవడం నాకు నచ్చదు. ఇంద్రావతికి అరువు పేరు ఎందుకు? కిందికి దిగి పడవెక్కితే తుంపర్లకు అమ్మ కొంగు ముద్దయింది. "ఇదీ అభిషేకమే" అని ఒడ్డున శివుడి గుడికి తడిబట్టలతోనే నడిచింది. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలోని తీరథ్‌గఢ్ వేరే తీరు. అక్కడ నీళ్లు మెట్లు మెట్లుగా జారతాయి. మెట్లు మనకూ చాలానే ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచి చూసి తృప్తిపడాలి.

సంతలో ఎర్రచీమల పచ్చడి, చాపడా, ఆకుదొన్నెలో పెట్టిచ్చారు. పుల్లగా, కారంగా ఉంది. అమ్మ ముట్టలేదు.

విశాఖ నుంచి పొద్దున బయల్దేరే కిరండోల్ రైలు అరకు మీదుగా జగదల్‌పూర్, దంతేవాడ చేరుస్తుంది. బైలాడిలా ఇనుప ఖనిజం ఓడరేవుకు తేవడానికి వేసిన లైను అది. తెలంగాణ వాళ్లకు భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా రోడ్డు. లోపలి దారుల పరిస్థితి స్థానికులను అడిగి, చీకటి పడకముందే బస చేరండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఎండాకాలంలో చిత్రకోట్ బక్కచిక్కిపోతుంది. పంచె ఇంటి నుంచే తెచ్చుకోండి. తిరుగుదారిలో భద్రాచలంలో ఆగితే, స్నానానికి దిగే గోదావరిలో చిత్రకోట్ నీళ్లూ ఉంటాయి. ఇంద్రావతి అంతకు ఎగువనే, భద్రకాళి అనే ఊరి దగ్గర గోదావరిలో వచ్చి కలుస్తుంది.