గడప కొలత

తెనాలిలోని మా పాతయింటి తలుపును, ఇల్లు పడగొట్టేలోగా, బాపట్లలో ఇంజనీరింగు చదివిన మా మనుమడు రెవిట్‌లో రూపొందించాడు. రేపల్లెలో కట్టబోయే ఇంటికి ఆ పోలికే కావాలని నా కోరిక.

రెవిట్‌లో తలుపు వంటి అంగానికి ‘ఫ్యామిలీ’ అని పేరు. కుటుంబమన్నమాట! వెడల్పు విలువ మారిస్తే రెక్కలూ, ద్వారబంధమూ తామే సర్దుకుంటాయి. ఆటవెలదిలో సూర్యగణమున్నచోట నగణమో హగణమో మన యిష్టం, పద్యం చెడదు.

ఐతే గడప ఎత్తును కూడా వాడు వెడల్పుకే ముడివేశాడు. తలుపు పెరిగితే గడపా లేచింది. “గడప కొలత కాలిది, తలుపుది కాదురా” అన్నాను. విడదీసి స్థిరం చేశాడు.

అందులోని టేకు రంగు నాకు నచ్చలేదు. ఏళ్ళతరబడి పసుపు పీల్చిన మా గడపనే ఫోటో తీసి మెటీరియల్‌గా అతికించాడు. ఒకే మరక అడుగడుగునా కనబడింది! చిత్రం కొలత పెంచితే ఒక్కచోటే ఉంటుందట. పెంచమన్నాను.